కలకు మార్కులు

పోయిన వారం మనం గిరిజను మంత్రాలయంలో ఎమ్మిగనూరు బస్సెక్కించి వదిలేశాం. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల దారి పొడుగునా కిటికీలోంచి చూడనే లేదు. ముందు సీట్లో వాళ్ల అజ్జి సరస్వతీబాయి మాత్రం, తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ, ఆఖరికి టికెట్లు కొట్టే కండక్టరుకు కూడా, మనవరాలికి వచ్చిన స్వప్నం గురించి చెబుతూనే ఉంది.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఎమ్మిగనూరు హైస్కూల్లో లెక్కల మాస్టరు భీమసేనరావు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు గిరిజ, ఏడో తరగతి. ఆడపిల్లల గురుకులం ప్రవేశ పరీక్షలో ఆ పిల్ల జిల్లాకు మొదటిదిగా రావాలని ఆయన పంతం. ఆ పంతం మొదలైన నాటి నుంచి ఆ ఇంట్లో ఆట బంద్. దేశంలో ఎమర్జెన్సీ ఎత్తేసి రెండేళ్లవుతున్నా ఆ ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తెయ్యలేదు. అర్ధసంవత్సర పరీక్షలో గిరిజ కాగితం మీద పేరు రాసి, తరగతి రాసి, గంట కొట్టేదాకా కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. ఆ తర్వాత మాటలు తగ్గిపోయాయి. అడిగినదానికి జవాబు తప్ప మరేమీ లేదు. ఏడవదు, నవ్వదు. డాక్టరు టానిక్కు రాశాడు. అజ్జి మంత్రాలయంలో సేవ మొక్కింది. ఇంటిల్లిపాదీ వెళ్లారు, పిల్లతోపాటు తల్లి కూడా సేవ చేసింది.

సేవ అంటే తెలుసు కదా. తుంగభద్రలో మునిగి, తడిబట్టతో ప్రదక్షిణలు చేసి, స్వామివారు కలలో కనిపించి పండో మంత్రాక్షతలో ఇచ్చేదాకా కాచుకోవడం. తెల్లారగానే సత్రంలో అందరూ ఒకరినొకరు అడిగే మాట ఒక్కటే. "స్వప్నమైందా?" గిరిజనూ అడిగారు. రోజూ అడిగారు. చివరికి ఒక పొద్దున ఆ పిల్ల, కాషాయం కట్టుకున్న పెద్దాయన వచ్చాడనీ, చేతిలో అరటిపండు పెట్టాడనీ, బాగా చదువుకో అన్నాడనీ చెప్పింది. అజ్జి ఏడ్చేసింది. భీమసేనరావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పరీక్ష దాకా గిరిజ ఆదోనిలో సేతుమాధవరావు గారింట్లో ఉండి చదువుకోవాలని ఆ పూటే నిర్ణయం అయిపోయింది.

సేతుమాధవరావు రిటైరైన హెడ్మాస్టరు. ఆదోనిలో జిన్నింగు మిల్లులు గింజ నుంచి దూదిని వేరు చేస్తాయి, ఆయన ఆట నుంచి పిల్లల్ని వేరు చేస్తాడు. ఆయన ఇంట్లో గోడగడియారం తప్ప కదిలే వస్తువు లేదని ఊళ్లో చెప్పుకుంటారు. చిన్నప్పుడు నిద్ర రాకుండా పిలకను గోడమేకుకు కట్టుకొని చదివానని ఆయన అందరికీ చెబుతాడు. ఇప్పుడు పిలక లేదు, జుట్టే లేదు. మేకు మాత్రం ఉంది. వచ్చినవాళ్లకు చూపిస్తాడు.

ఏకాదశి సాయంత్రం బస్సుకు ఆయనే స్వయంగా ఎమ్మిగనూరు వచ్చాడు. ఉపవాసం ఇక్కడే ఉండి, ద్వాదశి పారణ చేసి, పది గంటల బస్సుకు గిరిజను వెంటబెట్టుకొని పోవాలని ఏర్పాటు.

గిరిజ తల్లి పద్మాబాయి తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, మడితో వంట చేసింది. అవిసాకు కూర, ఉసిరికాయ పచ్చడి, పెసరపప్పు. వీధిలో మగ్గాల చప్పుడు మొదలయ్యేసరికే ఆ ఇంట్లో భోజనాలు అయిపోయాయి. ఏకాదశి నాడు పస్తున్న మనిషి ద్వాదశి నాడు తినే తిండి చూసి తీరాలి. సేతుమాధవరావు తన వయసు కూడా మరిచిపోయి తిన్నాడు. గిరిజ విస్తరి ముందు కూర్చుంది. తిను అంటే తింది. చాలా అంటే చాలంది. ఇంకొంచెం పెట్టనా అంటే సరేనంది.

నిజం చెప్పాలంటే ఆ పొద్దున పద్మాబాయి మనసు కొంత కుదుటగానే ఉంది. పిల్లను వదిలి ఉండటం కష్టమే. కానీ స్వామే చెప్పాక ఇంకేముంది అనుకుంది. ఆమెను అయిదో తరగతితో బడి మాన్పించారు. కూతురు చదువుతుందంటే అడ్డం పడే తల్లి కాదు.

ఎంగిళ్లెత్తి, పిల్లకు జడ వేద్దామని దొడ్లోకి తీసుకుపోయింది. బట్టలుతికే బండ మీద గిరిజను కూర్చోబెట్టి వెనక తాను కూర్చుంది. దువ్వెనకు వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా వస్తున్నాయి. నీళ్లు మారినందుకేమో అనుకుంది.

గోడ అవతల నుంచి ఒక తల పైకి లేచింది. సువార్త. వెనక సందులో ఉండే కృపమ్మ కూతురు. కృపమ్మ పత్తి మిల్లుకు కూలికి పోతుంది. ఏడాది కిందటి దాకా సువార్తా గిరిజా ఈ బండ మీదే గచ్చకాయలాడేవారు. ఆడి వచ్చిన మనవరాలి నెత్తిన అజ్జి రెండు చెంబులు నీళ్లు గుమ్మరించి లోపలికి రానిచ్చేది. గుమ్మరిస్తూ తిట్టేది, తిడుతూనే రేపు ఎండ పడకముందు ఆడుకోండి అనేది. మడి పట్టింపున్న ముసలామె అడ్డం రాని ఆటకు, ఏ పట్టింపూ లేని లెక్కల మాస్టరు అడ్డం వచ్చాడు.

విచిత్రం ఏమిటంటే గిరిజకు ఎక్కాలు వచ్చింది గచ్చకాయల వల్లే. ఒక్కొక్కటి ఏరడం, తర్వాత రెండేసి, మూడేసి. ఎగరేసి చేతి వెనక పట్టినవాటిని కలుపుకోవడం. గెలవడానికి ఇంకెన్ని కావాలో ఆట మధ్యలోనే చెప్పడం. బళ్లో వెయ్యకముందే ఆ పిల్ల మూడో ఎక్కం పాటలాగా పాడుకునేది. భీమసేనరావు విని మురిసిపోయాడు. మురిసిపోయిన ఆ మనిషే, పరీక్ష పంతం పట్టాక, ఇంత తెలివి ఆటలో వృథా కాకూడదని గచ్చకాయలు లాక్కొని అటక మీదికి విసిరేశాడు. పాలు బాగా ఇస్తోందని ఆవును మేతకు పోనియ్యకుండా కట్టేసినట్టు.

"యే గిరిజా, ఆదోనికి పోతాండావంట కదా?" అంది సువార్త.

"ఊఁ."

"మల్ల ఎప్పుడొస్తావు?"

"తెలీదు."

సువార్త గోడెక్కి ఇవతలికి దూకింది. పద్మాబాయి వైపు ఒకసారి చూసింది. ఆమె ఏమీ అనకపోయేసరికి ధైర్యం వచ్చి, లంగా మడతలోంచి ఒక గచ్చకాయ తీసి బండకేసి గబగబా రాయడం మొదలుపెట్టింది. ఆ సరదా తెలియని పిల్లలు ఆ సీమలో ఉండరు. రాతికి రాస్తే గచ్చకాయ కాగిపోతుంది. దాన్ని తెచ్చి పక్కవాళ్ల ఒంటికి అంటిస్తే చుర్రుమంటుంది, వాళ్లు కెవ్వుమంటారు, వెంటపడి తరుముతారు. ఒకప్పుడు ఈ దొడ్డంతా ఆ కేకలే.

సువార్త కాగిన గచ్చకాయను గిరిజ ముంజేతి మీద పెట్టింది. పెట్టి, పారిపోవడానికి ఒక కాలు వెనక్కి వేసి సిద్ధంగా నిలబడింది.

గిరిజ చెయ్యి తీయలేదు.

సువార్త ఇంకొంచెం నొక్కింది. గిరిజ కదలలేదు. చివరికి సువార్తే జడుసుకొని గచ్చకాయ తీసేసింది. చేతి మీద గుండ్రంగా ఎర్రమచ్చ తేలింది. గిరిజ దాన్ని వేరే ఎవరి చేతినో చూసినట్టు చూసింది.

"కాల్లేదా యే నీకు?"

"కాలింది."

"మరి అరవ్వేమే?"

సువార్త పద్మాబాయి వైపు తిరిగింది. "అమ్మా, నేను ఊరికే ఆటకి పెట్టినానమ్మా. తీసేస్తాది అనుకొంటి. సెయ్యి తియ్యలేదమ్మా." గచ్చకాయను బండ మీదే వదిలేసి, గోడ దూకి పారిపోయింది.

పద్మాబాయి ఆ గచ్చకాయ తీసుకొని కొంగున ముడి వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆమెకే తెలియదు. మచ్చ మీద కాస్త వెన్న రాసింది. తనను తాను సముదాయించుకోవడానికి, ఏదో ఒక మంచి మాట అనుకోవాలని, స్వామిని తలుచుకుంది.

"గిరిజా, స్వామి ముఖం ఎట్లుండెనే కలలో? నాకు చెప్పనే లేదు నువ్వు."

గిరిజ కొంచెం ఆలోచించింది. "ఎట్లుండెనని చెప్పాలమ్మా?"

"అదేమే! నువ్వు చూసింది నువ్వు చెప్పాల."

"అజ్జి ముఖం గురించి అడగలేదు. ఏమిచ్చినాడు, ఏమన్నాడు, అంతే అడిగింది. ముఖం ఎట్లుంటే సరిగ్గా ఉంటుందో నువ్వు చెప్పు. అట్లే చెప్తా."

దువ్వెన ఆగిపోయింది.

"గిరిజా, నిజంగా కల వచ్చిందా నీకు?"

"లేదు."

ఆ పిల్ల తడబడలేదు, తల దించుకోలేదు. ఎవరో మంచినీళ్లు అడిగితే తెచ్చిచ్చినట్టు చెప్పింది. "సత్రంలో హుబ్బళ్లి ఆమె, స్వామి పండు ఇచ్చినాడని చెప్తే అందరూ మంచిది అన్నారు. బళ్లారి ఆయన పాము కనపడిందంటే, అది కాదు, ఇంకా సేవ చెయ్యమన్నారు. పండైతేనే ఒప్పుకుంటారు. అందుకే పండు చెప్తిని."

"ఎందుకే అట్ల చెప్తివి?"

"రోజూ అడుగుతాండ్రి కదా. జవాబు వచ్చేదాకా అడుగుతారు."

"మరి నిద్దట్లో నీకు ఏమీ కనపడదా?"

"ఏమీ కనపడదు. అంతా నల్లగా ఉంటుంది."

పద్మాబాయికి ఏడుపు రాలేదు. రావాలని ఆమే ఎదురుచూసింది. రాలేదు. పిల్లకు పట్టిన మొద్దుతనం జడలోంచి చేతివేళ్ల గుండా తనకూ ఎక్కుతున్నట్టనిపించింది. బాగుచెయ్యమని పిల్లను స్వామి దగ్గరికి తీసుకుపోయి, అక్కడ కూడా పిల్లకు పరీక్షే పెట్టారు. పిల్ల పక్కవాళ్ల జవాబులు చూసుకొని ఆ పరీక్ష కూడా రాసేసింది. అందరూ కలిసి దానికి నూటికి నూరు మార్కులు వేశారు. ఆ మార్కులు చూసుకొనే ఇప్పుడు ఆదోని బస్సెక్కిస్తున్నారు.

చెప్పేద్దామా అనుకుంది. చెబితే ఏమవుతుంది? స్వామి పేరు మీద అబద్ధమాడిన పిల్ల అవుతుంది గిరిజ. ముసలామె తట్టుకోలేదు. భీమసేనరావు కొట్టడు. ఆయన ఎన్నడూ పిల్ల మీద చెయ్యి చేసుకోలేదు. తప్పు జవాబు వస్తే "మళ్లీ" అంటాడు, అంతే. గొంతు కూడా పెంచడు. మళ్లీ మంత్రాలయం, మళ్లీ తడిబట్టలు, మళ్లీ తెల్లారగానే అదే ప్రశ్న, నిజం కల వచ్చేదాకా. చెప్పకపోతే పది గంటల బస్సు. ఎటు చూసినా పద్మాబాయికి దారి కనిపించలేదు. జడ అల్లడం పూర్తి చేసి రిబ్బను ముడి వేసింది.

హాల్లోంచి పిలుపు వచ్చింది. "గిరిజా!"

గిరిజ లేచి వెళ్లింది.

సేతుమాధవరావు చాప మీద గోడకానుకొని వక్క నములుతున్నాడు. పక్కనే గిరిజ ట్రంకుపెట్టె, పరుపుచుట్ట సిద్ధంగా ఉన్నాయి. భీమసేనరావు నిలబడే ఉన్నాడు. కూతురి కంటే ఆయనకే కంగారుగా ఉంది, ధోవతి అంచు వేళ్లతో నలుపుతున్నాడు.

"ఏమమ్మా, పందొమ్మిదో ఎక్కం చెప్తావా?" అని అడిగాడు సేతుమాధవరావు.

గిరిజ చెప్పింది. ఎక్కడా ఊపిరి తీసుకున్నట్టు కూడా తెలియలేదు. నదుల పేర్లు చెప్పింది, రాజుల పేర్లు చెప్పింది, వడ్డీ లెక్కల సూత్రం చెప్పింది. సేతుమాధవరావు వక్క నమలడం ఆపి విన్నాడు.

"భేష్. ఇంక ఒకటి అడుగుతా, ఇది పుస్తకంలోది కాదు. మా ఇంటికి వస్తాండావు కదా, అక్కడ నీకేమి కావాలమ్మా? ఏమంటే ఇష్టం నీకు?" నిజంగా ప్రేమగానే అడిగాడు.

గిరిజ తండ్రి ముఖం చూసింది. తర్వాత ఆ పెద్దాయన ముఖం చూసింది. "ఏ పాఠంలోదండీ?" అంది.

సేతుమాధవరావు తొడ చరిచాడు. "చూసినావా భీమూ! చదువు తప్ప ఇంకో ధ్యాస లేదు. దీన్నంటారు ఏకాగ్రత అని."

వంటింటి గడప దగ్గర జపమాల తిప్పుతున్న అజ్జి, "అంతా స్వామి దయ. ఇంత చిన్న వయసులోనే వైరాగ్యం," అంది.

"మొదటి నుంచీ వినయం ఎక్కువ దానికి," అన్నాడు భీమసేనరావు, గర్వం దాచుకోలేక.

గడప ఇవతల నిలబడి పద్మాబాయి ఇవన్నీ విన్నది. పిల్లకు వచ్చిన జబ్బుకు ఇన్ని మంచి పేర్లున్నాయని ఆమెకు అంతవరకు తెలియదు.

"పిల్ల ఆదోనికి పోదు," అంది.

భీమసేనరావు వెనక్కి తిరిగాడు. "ఏమన్నావు?"

"పోదు అంటి. దానికి బాగలేదు. చెయ్యి కాలితే కూడా తియ్యలేదు పొద్దున. దాన్ని కొన్నాళ్లు ఊరికే వదిలిపెట్టండి. కొన్నాళ్లు ఆడుకోనీండి."

"ఆడుకోనీయాలా?" భీమసేనరావు గొంతు పెంచలేదు. "బడి మాని ఇంట్లో ఆడుకున్న ఆడపిల్ల యాడికి పోతుందో నాకు తెలుసు. మా అక్కకు నాకంటే లెక్కలు బాగా వచ్చేవి. పదేండ్లకు బడి మాన్పించినారు. ఇప్పుడు ఆలూరులో పొయ్యి ముందర కూర్చుంటుంది. నేను పోయినప్పుడల్లా మీ క్లాసులో ఇప్పుడు ఏ లెక్కలురా అని అడుగుతుంది. నేను చెప్తే, పొయ్యి బూడిద నేల మీద పరిచి వేలితో చేసి చూపిస్తుంది. సరిగ్గా వస్తాయి. ప్రతిసారీ సరిగ్గా వస్తాయి." ఆయన ఆగాడు. కళ్లద్దాల వెనక కళ్లు తడిగా ఉన్నాయి. "నా కూతురికి అట్ల కానీయను. నీకు అట్ల కావాలంటే చెప్పు."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ బూడిద లెక్కలు పద్మాబాయి కూడా చూసింది. ఆ మనిషి దుర్మార్గుడైతే ఎంత బాగుండేది! తిట్టేసి పిల్లను తీసుకొని పుట్టింటికి పోవచ్చు. ప్రేమతో గొంతు నొక్కే మనిషిని ఏమని తిట్టాలి?

"నాకూ అట్ల వద్దు," అంది చివరికి. "చదవొద్దనడం లేదు నేను. చదివేదానికి లోపల ఒక పిల్ల ఉండాల కదా. ఇప్పుడు దాని లోపల ఎవరూ లేరు. మీరు పిలిస్తే లేస్తుంది, అడిగితే చెప్తుంది. అంతే. మీకు అది కనపడటం లేదా?"

"ఎవరూ లేకుంటే స్వామి ఎవరి కలలోకి వచ్చినాడు?" భీమసేనరావు నింపాదిగా అడిగాడు. రుజువు చూపించేటప్పుడు క్లాసులో అడిగే తీరు అది. "ఆయనే వచ్చి, పండు ఇచ్చి, బాగా చదువుకో అన్నాడు. నీ మాట పెద్దదా, ఆయన మాట పెద్దదా?"

నిజం పద్మాబాయి నాలుక చివరికి వచ్చింది. ఒక్క మాట. ఆమె గిరిజ వైపు చూసింది. ఎవరు చెప్పారో, గిరిజ అప్పటికే ట్రంకుపెట్టె పక్కన నేల మీద కూర్చుంది. తల్లి తనను పట్టిస్తుందేమో అన్న భయం కూడా ఆ ముఖంలో లేదు. బస్సు కోసం కూర్చున్న మనిషిలాగా కూర్చుంది.

పద్మాబాయి నిజాన్ని మింగేసింది. "నాకూ స్వప్నమైంది," అంది.

జపమాల ఆగింది. సరస్వతీబాయి లేచి హాల్లోకి వచ్చింది. "ఎప్పుడే?"

"ఈ పొద్దున. తెల్లవారుజామున."

"లేస్తివి, నీళ్లు పోసుకుంటివి, వంట చేస్తివి. ఒక్క మాటైనా చెప్పలేదే నాకు."

"పారణ కానీలే అనుకుంటి అత్తా. సేవ నేనూ చేస్తిని కదా దాంతోపాటు. అందుకే నాకూ వచ్చినాడేమో."

"ఏమన్నాడు?"

"పిల్లను దూరం పంపొద్దన్నాడు. ఆడుకోనియ్యమన్నాడు."

"ఆడుకోనియ్యమన్నాడా? స్వామా?" సేతుమాధవరావు చాప మీద నిటారుగా కూర్చున్నాడు. సరస్వతీబాయి చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపింది. లెక్కలు, వ్యాకరణం వాళ్లవైతే కావచ్చు, కలలు ఆమె సబ్జెక్టు.

"ఊరికే మాట చెప్పి పోతే అది స్వప్నం కాదు పద్మా. మనం అనుకున్నదే మనకు వినపడుతుంది. చేతిలో ఏమి పెట్టినాడు?"

పద్మాబాయి నోరు తెరిచింది. ఆమె జన్మలో పరీక్షంటూ రాసింది అయిదో తరగతిలో. ఆ తర్వాత ఎవరూ ఆమెను ఇట్లా నిలబెట్టి ఏదీ అడగలేదు. పండు అందామంటే పండు ముందే గిరిజకు ఇచ్చేశాడు. కొబ్బరికాయ అందామా, పువ్వు అందామా? ఏది చెబితే ఒప్పుకుంటారు? అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. గిరిజ ఏడాదిగా రోజూ కూర్చుంటున్న చోటు ఇదేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది.

"చెప్పవేమే? ఏమి పెట్టినాడు?"

జవాబు రాని నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో, దాని తర్వాత ఏమి వస్తుందో ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది ఒక్కరికే. ట్రంకుపెట్టె పక్కన గిరిజ తల ఎత్తింది. తల్లి ముఖం చూసింది. పిడికిట్లో నలుగుతున్న కొంగు ముడి చూసింది.

"గచ్చకాయ," అంది మెల్లగా.

అందరూ అటు తిరిగారు. అడగకుండా ఆ పిల్ల నోట మాట విని ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

పద్మాబాయి కొంగు ముడి విప్పింది. బూడిదరంగు గచ్చకాయ అరచేతిలో దొర్లింది. "ఇదే అత్తా," అంది. "లేచి చూస్తే చేతిలో ఉండె."

సరస్వతీబాయి దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది. చూస్తూ చూస్తూ రెండు చేతులూ జోడించింది. సేతుమాధవరావు వక్క మింగాలో ఉమ్మాలో తెలియక బుగ్గన పెట్టుకున్నాడు. అజ్జి ఒప్పుకుంటే ఆ ఇంట్లో ఇక తిరుగులేదు.

భీమసేనరావు మాత్రం గచ్చకాయను చూడటం లేదు. కూతురిని చూస్తున్నాడు. ఎన్నో ఏళ్లుగా పరీక్ష హాళ్లలో కాపలా కాసిన మనిషి. వెనక వరసలో పెదవి కదిలినా బోర్డు వైపు తిరిగి ఉండే పట్టుకోగలడు. ఇప్పుడు జవాబు ముందు ఎక్కడినుంచి వచ్చిందో, తర్వాత ఎవరు చెప్పారో ఆయన చూశాడు.

"ఒక కలలో చదువుకో అన్నాడు. ఇంకో కలలో ఆడుకో అన్నాడు," అన్నాడు. "రెండూ ఒకేసారి నిజం కాలేవు." ఆయన ముఖంలో కోపం లేదు. రక్తం కూడా లేదు. "గిరిజా, లేచి నిలబడు. ఏ కల అబద్ధమో చెప్పు."

ఆ మాట ఆ గొంతులో వినపడితే చాలు, నిద్దట్లో ఉన్నా లేచి నిలబడే పిల్ల గిరిజ.

గిరిజ లేవలేదు.

"గిరిజా," అన్నాడు భీమసేనరావు. "మళ్లీ చెప్పించుకోవద్దు."

గిరిజ తండ్రి వైపు చూడలేదు. ముంజెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకొని, ఎర్రమచ్చ మీద ఒకసారి ఊదుకుంది. మళ్లీ ఊదుకుంది. కింది పెదవి వంకర తిరిగింది.

"మంటగా ఉందమ్మా," అంది.